బొక్కెనకు ఎదురు పట్టిన నాడు

ఎవరదీ? మల్లేశా? రా బిడ్డా, రా. ఎండ దంచుతున్నది, గట్ల నిలబడ్తవేంది, లోపటికి రా. నా కొడుకు లేడు, వనపర్తికి పోయిండు, ఎరువుల దుకాణం కాడ లైను కట్టిండంట. ఏ, గా అరుగు మీద కూసుంటివేంది? లోపట మంచమున్నది, ఫ్యానున్నది. ఇయాల కరెంటు గూడ ఉన్నది, మన అదృష్టం. రావా? సరే కూసో, నీ ఇష్టం, మల్ల చూద్దాం. నేనే గడప కాడికి జరుగుత. ‘ఏం లేదు పటేలా’ అనకు, తాతా అను. నీ నోరేమన్న అరిగిపోతదా? ఆ, గట్ల. ఏంది సంగతి? కాలేజీల మీ సంఘపోళ్ళు తన్నుకున్నరా? దేని మీద? ఓహో. ముందు కూలి, భూమి కొట్లాట గెలిస్తె కులం దానంతట అదే పోతదని సగం మంది, కులం సంగతి తేల్చకుండ కూలి మాటెత్తొద్దని సగం మంది. కుర్చీలు గూడ ఇరిగినయా? నవ్వొస్తది బిడ్డా. నవ్వు గాదులే, లోపట ఏందో అయితది. గా కొట్లాట ఇప్పటిది గాదు. నలభై అయిదేండ్ల కింద మన ఊరి కళ్ళంల అయింది. దానికి జవాబు చెప్పినోడు ఎవరో ఎరికేనా? మీ తాత. మీ నాయన నాయన, బక్కయ్య. నువ్వు ఆయనను చూడలె, నువ్వు పుట్టకముందే పోయిండు. అక్షరం ముక్క రాదు ఆయనకు. ఏలిముద్రనే. గా ఏలు మాట మల్ల చెప్త, గది వేరే కథ.

ఎట్లుండె అంటవా? పేరుకు బక్కయ్య గని బక్కోడు గాదు. నల్లగ, ఎత్తుగ, ముంజేతులు చూస్తె రోకలి బండలే. మాట తక్కువ. నాకంటె పన్నెండేండ్లు పెద్ద. అయినా నేను ఆయనను ఏమని పిలుస్తుంటి? ‘ఏ బక్కా, ఇటు రారా’ అని. నీ ముందల దాచుడెందుకు. మీసం సరిగ రానోన్ని, ఇద్దరు పిల్లల తండ్రిని పట్టుకోని రారా అనేటోన్ని. ఆయన నన్ను ‘చిన్న పటేలా’ అనేటోడు. పటేలేంది నా మొఖం! మాది కౌలు సేద్యం, రెండెకరాలు, ఒక బాయిల నాలుగిండ్లకు పొత్తు. మేము తినేది జొన్న గటకనే, ఆయన తినేదీ జొన్న గటకనే. అయినా మాది పటేలు పిలుపు. అప్పుడు గది తప్పని నాకు తోచనే లేదు. తోచకపోవుడే పెద్ద తప్పు, ఇప్పుడనిపిస్తది.

నువ్వు మోట చూసినవా? యాడ చూస్తవు, కరెంటు మోటార్లొచ్చినంక పుట్టినోనివి. బాయి గడ్డ మీద గిలక, గిలక మీద మోకు, మోకు కొనకు తోలు బొక్కెన. ఎడ్లు వాలు దారిల కిందికి పోతుంటె బొక్కెన నీళ్ళతోని పైకొచ్చి తొట్టిల గుమ్మరిస్తది, అటు కాలువ పట్టి పొలానికి పోతాయి నీళ్ళు. ఒక్కో బొక్కెనకు ఒక నిండు ఎద్దు తోలు పట్టేది. ఏడాదికొకటి కొత్తది కుట్టాలె, నెలకు రెండుసార్లు మరమ్మతు చెయ్యాలె. మన ఊరికి, చుట్టు నాలుగూర్లకు బొక్కెన కుట్టేటోడు మీ తాతనే. వేరేటోళ్ళు కుట్టలేదని గాదు, కుడితె కారేటియి. మీ తాత కుట్టినదాంట్లకెళ్లి సుక్క కారకపోయేది. తంగెడు చెక్క ఏసిన లంద గోలెంల తోలు నానబెట్టి, ఇన్ని దినాలని లెక్క పెట్టకపోయేది, చెయ్యి ముంచి ఒత్తి చూసేటోడు. ‘ఇంకా పచ్చిగున్నది పటేలా, తొందరపడకు’ అనేటోడు. దొర మనిషొచ్చి నిలబడ్డా గదే మాట. లంద కాడ ఆయనకు హుకుం ఇచ్చేటోడు లేకుండె. గా ఒక్క జాగల ఆయన రాజు, లంద దాటి నాలుగడుగులు బయటికేస్తె ‘ఏ బక్కా.’ ఆయన కుట్టిన బొక్కెన నీళ్ళు ఊరంత తాగేది. బొక్కెన తొట్టి మీదికెక్కినంక ఆయన మాత్రం ముట్టొద్దు. గట్లుండె మన తెలివి.

ఇగ సంఘం మాట. పెద్ద లడాయి అయిపోయిన యేడది. బట్ట దొరకకపోయె, కిరసనాయిలు దొరకకపోయె, లెవీ కింద గింజలు సర్కారు ఊడ్చుకపోయె. ఆ యేడే శ్రీశైలమని, అమరచింత దిక్కు కాపుల పిలగాడు, మన ఊర్ల సంఘం పెట్టిండు. వనపర్తిల నాలుగక్షరాలు నేర్చుకున్నడు, పేపర్ చదివేటోడు. సన్నగ పుల్ల లెక్కుండె గని గొంతు నగారనే. ‘కడుపుకు కులం లేదు! ఆకలికి గోత్రం లేదు! మనమంత ఒక్కటే!’ అంటుంటె మాకు రోమాలు నిక్కబొడుసుకునేటియి. దొర దినానికి సేరున్నర జొన్నలు ఇస్తుండె, పొద్దు పొడిచిన కాడికెళ్లి పొద్దు గూకేదాంక. రెండున్నర సేర్లు ఇచ్చేదాంక పనికి పోవద్దని ఒట్టేసుకున్నం. కాపులు, బోయలు, కురుమలు, మీ వాడోళ్ళు, అందరం. నేను గూడ సగం దినాలు దొర పొలంల కైకిలి చేసేటోన్నే. దొర ఏమన్నడు? గడీ ముందల కుర్చీ ఏసుకోని, పొట్ట నిమురుకుంట, ‘ఉండండిరా, ఎన్ని దినాలుంటరో ఉండండి. నా జీతగాండ్లు మోట కొడ్తరు, నా వరి పండుతది, ఎండేది మీ కడుపులే’ అన్నడు. అబద్ధం గాదు గద. పది దినాలకు మా ఇంట్ల పొయ్యి ఎలగలె. మా అమ్మ అమృతమ్మ తిట్టని తిట్టు లేదు. ‘శ్రీశైలం గొంతు తాగి బతుకుతవారా?’ అన్నది. మా అమ్మ నోరు గట్లుండేది, దేవుడు గూడ భయపడాలె.

పదకొండో దినం దొర పెద్దబాయి బొక్కెన చినిగింది. దొర మనిషి మీ వాడకొచ్చిండు. మీ తాత ‘నేను కుట్టను’ అన్నడు. గంతే.  మల్ల రెండు దినాలకు రెండో బాయిది గూడ చినిగింది. దొర గద్వాల దిక్కుకెళ్లి ఏరు దాటించి బొక్కెన కుట్టే ఒకాయనను పిలిపిచ్చిండు. ఆయనొచ్చి మీ తాత పక్కన కూసోని, చుట్ట కాల్చి, రెండు మాటలు మాట్లాడి, వచ్చిన తొవ్వనే తిరిగిపోయిండు. ఏం మాట్లాడుకున్నరో ఎవనికీ తెల్వదు. ఇగ దొర మీ తాతనే గడీకి పిలిపిచ్చిండు. తంతరేమోనని మేమంత దర్వాజ కాడ గుంపైనం. తన్నలె. తియ్యగ మాట్లాడిండు. ‘చెరువు కింద రెండెకరాలు నీ పేరు మీద రాసిస్తరా బక్కా. నువ్వు, నీ కొడుకు, నీ మనుమడు దున్నుకోండి. ఒక్క బొక్కెన కుట్టు.’ చెరువు కింద రెండెకరాలు బిడ్డా! మా కాపులల్లనే ముగ్గురికి మించి లేదు చెరువు కింద. మీ తాత తువ్వాల చేతికి తీసుకున్నడు. ‘నాకొక్కనికేనా దొరా?’ అన్నడు. ‘నీకొక్కనికే’ అన్నడు దొర. ‘అట్లయితె నాకొద్దు దొరా’ అన్నడు. తువ్వాల భుజం మీదేసుకోని మా నడిమిట్లకెళ్లే నడిచి పోయిండు. నా ఒళ్ళు జల్లుమన్నది. ఇయాల చెప్తుంటె గూడ చూడు, చెయ్యి చూడు, రోమాలు. మూడు దినాలకెళ్లి మీ ఇంట్ల పిల్లలు తుమ్మ జిగురు నాకుతున్నరని ఊరంతకు ఎరికె. గా రెండెకరాలు ఇప్పుడు బస్టాండు ఎనుక ప్లాట్లయినయి. నీవయ్యేటియి.

పదహారో దినం నీళ్ళు లేక వరి పసుపు రంగుకు తిరిగింది, దొర దిగిండు. రెండున్నర సేర్లకు ఒప్పుకున్నడు. మీ తాత బొక్కెనలు కుట్టిచ్చిండు. మా సంబురం చూడాలె! ఇంటికింత గింజలేసుకోని, ఒక మేకను కోసి, ఊరి కళ్ళంల సంఘం బువ్వ పెట్టినం. శ్రీశైలం బండి మీదికెక్కి ‘మనమంత ఒక్కటే’ అని మల్ల అన్నడు, మేమంత చప్పట్లు కొట్టినం. కొట్టి, కూసున్నం. ఎట్ల కూసున్నం? కాపులం గడ్డివాము నీడకు. బోయలు, కురుమలు మా ఎనుక. మీ వాడోళ్ళు కాలువ అవతల, ఎండల. ఎవరు చెప్పిండ్రు గట్ల కూసోమని? ఎవరూ చెప్పలె. ఎవని జాగ వాని కాళ్ళకే ఎరిక. శ్రీశైలం గూడ చూసిండు, ఆయనకు గూడ ఏం అనిపియ్యలె. మేమంత తిన్నంక వాళ్ళకు ఒడ్డించినం. నీళ్ళ పని నాది. చెంబు పట్టుకోని కాలువ దాటిన. మీ తాత దోసిలి పట్టిండు. నేను నిలబడి, గీ నా ఛాతి ఎత్తుకెళ్లి పోసిన. ముట్టుకోకుండ పోయాలె గద, చిన్నప్పటి సంది చెయ్యికి అలవాటు. ఆయన తాగలె. దోసిలి ఇడిచిండు, నీళ్ళు మట్టిల పడ్డయి. తలెత్తి నన్ను చూసిండు. కోపం గూడ లేదు మొఖంల, కోపముంటె బాగుండు. ‘దొర కాడ గూడ గంతే ఎత్తు నుంచి పోస్తరు చిన్న పటేలా’ అన్నడు. మెల్లగన్నడు, నాకొక్కనికే ఇనబడ్డది. లేచిండు. ఆకుల బువ్వ గట్లనే ఉన్నది. మీ నాయనమ్మ చిన్నమ్మ లేచింది, సంకల మీ నాయన ఉండె. ఎనుక ఒక్కొక్కరు, వాడంత లేచి పోయిండ్రు. అరుపు లేదు, తిట్టు లేదు. నా చేతుల చెంబు ఉండిపోయింది.

శ్రీశైలం ఎనుక ఉరికిండు. నేనూ పోయిన. ‘బక్కయ్యా, నీ బాధ నాకర్థమైతది. గని ఇప్పుడు గాదు. ఇప్పుడు గీ మాటెత్తితె కాపులు చీలిపోతరు, దొర కాచుకోని కూసున్నడు. ముందు కడుపు నిండనీ. కడుపు నిండినంక గివన్ని అవే పోతయి’ అన్నడు. శ్రీశైలం చెడ్డోడు గాదు, ఏమాటకామాట. నమ్మే అన్నడు. మీ తాత ఏమన్నడంటె, ‘సారూ, సేరు పెరిగింది, సంతోషమే. గా పెరిగిన సేరు గూడ మీకు గంపల కొలిచి, నాకు నేల మీద పరిచిన బట్టల ఎత్తు నుంచే పోస్తరు గద’ అన్నడు. అని, ‘నేను ఇగ ఆరె పట్టను సారూ, దొరకు పట్టను, సంఘానికి పట్టను’ అన్నడు. ఆరె అంటె తోలుకు బెజ్జం పెట్టేది, తెలుసు గద? తెల్వదా? సరేపో, చెప్పుల షాపుల సూది చూసినవ్ గద, గసోంటిదే, పెద్దది.

దొర ఊకుంటడా? కళ్ళంల ఏమైందో పొద్దు గూకకముందే గడీకి ఎరికైంది. ఆ వారమే కొత్త హుకుం. కాపులకు, బోయలకు, కురుమలకు రెండున్నర సేర్లు, మాదిగోళ్ళకు పాత సేరున్నరనే. మేము ఏం చేసినమో చెప్పనా? ఏం చెయ్యలె. ‘మనకు ముట్టింది గద’ అనుకున్నం. మా అమ్మ ‘నోరు మూసుకోని పనికి పో’ అన్నది, పోయిన. శ్రీశైలం రెండు దినాలు ఇల్లిల్లు తిరిగి, గొంతు పోయి, తల పట్టుకోని కూసున్నడు. మీ వాడోళ్ళు ఒంటరిగ ఎన్నాళ్ళుంటరు? ఆకలికి తాళలేక సేరున్నరకే పోయిండ్రు. మీ తాత తమ్ముడు నాగన్న రాయచూరు దిక్కు బండలు కొట్టనీకె పోయిండు. ఇరవై దినాలు గాలె, దొర మమ్ముల పిలిచి నవ్వుకుంట, ‘సేరున్నరకు మాదిగోళ్ళు మస్తు మందొస్తున్నరు. మీకు రెండున్నర ఎందుకియ్యాల్నో మీరే చెప్పుండ్రి’ అన్నడు. ఏం చెప్తం?  మాకు గూడ సేరున్నర అయింది. పదహారు దినాల పస్తు, మేక, చప్పట్లు, అన్ని నీళ్ళల్ల కలిసె. దొరకు దెబ్బ గొట్టనీకె కట్టె మేమే ఇచ్చినం చేతికి.

గంతల మా పొత్తుల బాయి బొక్కెన చినిగింది. ఎండకాలం. కౌలు పొలంల ఎకరం రాగి నారు, ఇంత ఉల్లిగడ్డ. నాలుగు దినాలు నీళ్ళు లేకుంటె ఖతం. గా పంట పోతె కౌలు భూమి పోతది, మేము గూడ రాయచూరు తొవ్వ పట్టాలె. పొత్తుల పెద్దమనుషులు ‘నువ్వే పోయి అడుగు, కుర్రోనివి’ అన్నరు. అంటె వాళ్ళకు మొఖం లేదన్నట్టు. నాకు మాత్రం యాడున్నది? పోయిన. వాడ మొదట్ల నిలబడి, అలవాటు చొప్పున ‘ఏ బక్...’ అనబోయి ఆపుకున్న. ‘బక్కన్నా’ అన్న. పుట్టి బుద్దెరిగినంక మొదటిసారి. ఆయన లంద కాడ కూసున్నడు, తలెత్తలె. చెప్పుకున్న, మా బొక్కెన చినిగింది, పంట ఎండుతున్నది, తప్పయింది, అని. ఏం తప్పయిందో గూడ సరిగ చెప్పరాలె నాకు. ‘తోలు ఉన్నది. ఎదురు పట్టేటోడు లేడు’ అన్నడు. బొక్కెన ఒక్కడు కుట్టేది గాదు. ఒకడు బయట, ఒకడు తోలు అవతల కూసోని ఎదురు పట్టాలె. నాగన్న పట్టేటోడు, వాడు మా పుణ్యాన బండలు కొట్టవట్టె. ‘మరి ఎట్ల?’ అన్న. ‘నువ్వు పట్టు’ అన్నడు.

లంద వాసన నువ్వు చూసినవో లేదో. పొద్దుగల్లనే లందల చేతులు మోచేతుల దాంక పెట్టి తోలు తీయమన్నడు. వాడ పిల్లలు గుంపైండ్రు, పటేలు లందల చెయ్యి పెట్టవట్టె అని.  కళ్ళు మూసుకోని పెట్టిన. చెయ్యి ఏం కాలిపోలె బిడ్డా. తోలు గుంజి ఆరబెట్టి, ఇద్దరం చెరో దిక్కు కూసున్నం. ఆయన ఆరెతోని బెజ్జం పెడ్తడు. తోలు వారుకు రెండు కొనలు. ఒక కొన ఆయన దిక్కుకెళ్లి నాకొస్తది, రెండో కొన నా దిక్కుకెళ్లి ఆయనకు పోతది, ఒకటే బెజ్జంలకెళ్లి. ఇద్దరం ఒక్కపారే గుంజాలె. ఒకరు ముందు గుంజితె కుట్టు వంకర పోతది. పది కుట్లు నాయి వంకరనే, అన్ని ఇప్పిచ్చిండు. ‘గట్టిగ పట్టు వెంకటన్నా’ అన్నడు. నా పేరు పెట్టి పిలిచిండు! చిన్న పటేలు యాడ పోయిండో. నడుమ నేనడిగిన, ఉండబట్టలేక, ‘బక్కన్నా, శ్రీశైలం ముందు సేరు అంటడు, నువ్వు ముందు కులం అంటివి. ఏది ముందు?’ అని. ఆయన ఆరె ఆపిండు. ‘నేనెప్పుడన్న ముందని?’ అన్నడు. ఒక తోలు ముక్క తీసి, ఒక్క కొనతోనే జానెడు కుట్టి, మడిచి నీళ్ళు పోసిండు. సుక్క కారలె. ‘బాగనే ఉన్నది గద’ అన్న. ఆరెతోని ఒక్క పోగు తెంపిండు. గుంజంగనే సర్రున కుట్టంత ఊడొచ్చింది, నీళ్ళు నా కాళ్ళ మీద పడ్డయి. మల్ల రెండు కొనలతోని కుట్టిచ్చి, గట్లనే ఒక పోగు తెంపిండు. రెండో పోగు పట్టుకోని ఉన్నది. నా దిక్కు చూసి, ‘కుట్టు’ అన్నడు, గంతే. మీ కాలేజీల కుర్చీలిరగ్గొట్టుకునేటోళ్ళకు గా తోలు ముక్క చూపియ్యాలె.

పొద్దు నడి నెత్తికొచ్చింది, నాలుక పిడచగట్టింది. మీ నాయనమ్మ నన్ను చూసింది, కుండను చూసింది. తాగుమని ఆమె ఎట్లంటది? నేనే ‘వదినా, జర నీళ్ళియ్యి’ అన్న. అని, దోసిలి పట్టిన. ఎందుకు పట్టిన్నో తెల్వదు. ఎత్తు నుంచి పోస్తదేమో, పోయాలె గూడ, అనిపించింది. ఆమె పొయ్యలె. వంగి చెంబు నా చేతికిచ్చింది. గంత చిన్న పని బిడ్డా. నేను ఏడ్చిన. ఇరవై రెండేండ్ల మొగోన్ని, వాడ నడుమ కూసోని, లంద చేతులతోని కన్నీళ్ళు తుడుసుకున్న. పిల్లలు నవ్విండ్రు. మీ తాత నవ్వలె. ‘తాగి కూసో, ఇంకా మూరెడు కుట్టున్నది’ అన్నడు.

సాయంత్రానికి ఊరంత పొక్కింది. మా కులపోళ్ళు అగ్గి, నీళ్ళు బందు పెట్టిండ్రు. మా అమ్మ గడప కాడ్నే రెండు బిందెలు నా మీద గుమ్మరిచ్చింది, పేడ నీళ్ళొకటి, మంచి నీళ్ళొకటి, ఏడ్చుకుంటనే. తెల్లారి మీ తాతను బాయి కాడికి తోలుకపోయిన. బొక్కెన కట్టినం, ఎడ్లు దిగినయి, నీళ్ళొచ్చినయి. మొదటి బొక్కెన తొట్టిల పడంగనే, ‘బక్కన్నా, నువ్వు తాగు’ అన్న. వంగి, తొట్టిల చెయ్యి ముంచి తాగిండు. ముప్పై యేండ్లు పైబడ్డోడు, తన కుట్టు నీళ్ళు బాయి కాడ తన చేత్తో తాగుడు గదే మొదలు. పొత్తుల రెండిండ్లోళ్ళు ఎడ్లిప్పుకోని పోయిండ్రు. ఒకింటోళ్ళు ఉండిపోయిండ్రు. శ్రీశైలమొచ్చి నిలబడి చూసిండు.  చెప్పులిడిచి, గా తొట్టిలనే, మీ తాత ముంచిన చోటనే చెయ్యి ముంచి తాగిండు. అందుకే అంట నేను, శ్రీశైలం మంచోడని.

మల్ల పని బందు పెట్టినం. ఈసారి శ్రీశైలం ఉపన్యాసం లేదు, మీ తాతనే చెప్పిండు. అందరికి ఒకటే కూలి, రెండున్నర సేర్లు, ఒకటే వరుస, గింజలు గంపలకే కొలవాలె, నేల మీద పరిచిన బట్టల ఎత్తు నుంచి పోసుడు బందు. దొర ఏమన్నడో తెలుసా? ‘రెండున్నర గాదు, మూడు సేర్లిస్త. గీ వరుస, గంప మాట మాత్రం ఇడిచిపెట్టుండ్రి’ అన్నడు! మూడు సేర్లు బిడ్డా! అడగకున్నా పెంచవట్టె. గప్పుడు తెలిసింది నాకు, దొర పానం యాడున్నదో. గింజల్ల లేదు, గా వరుసల ఉన్నది. మావోళ్ళల్ల సగం మంది మూడు సేర్లకు ఆశపడి లేచిపోయిండ్రు. పద్నాలుగు ఇండ్లోళ్ళం, మీ వాడంత, గట్లనే కూసున్నం. తొమ్మిది దినాలు. పదో దినం దొర కళ్ళంల గంపలు వరుసల పెట్టినం, ఎవనిది ఏదో తెల్వకుండ కలిపి పెట్టినం. కొలిచిండ్రు. అన్ని గెలిచినమని చెప్పను. ఊరి హోటల్ల గ్లాసులు ఇంకా ఇరవై ఏండ్లు వేరేనే ఉండె. కళ్ళంల మాత్రం మల్ల ఎన్నడు బట్ట పరవలె.

దానికి మీ తాత బాకీ కట్టిండు. ఏలు మాట అంటి గద. బీచుపల్లి జాతరకు పోయొస్తుంటె వాగు కాడ నలుగురు పట్టుకున్నరు. ఎవరి మనుషులో చెప్పే పని లేదు. సంపలె. కుడి చెయ్యి బండ మీద పెట్టి, బొటనేలు రాయితోని దంచిండ్రు. దవాఖానకు మోసుకపోయినం గని అది మల్ల ముడవలె. ఆరె పట్టే ఏలు బిడ్డా. నేను మంచం కాడ కూసోని ఏడుస్తుంటె, ‘ఏడ్సుడెందుకు, ఇగ నువ్వు ఇటు రా, నేను అటు కూసుంట’ అన్నడు. అంటె ఆరె నేను పట్టాలె, ఎదురు ఆయన పడ్తడు. అట్లనే పదహారేండ్లు. మోటార్లొచ్చి మోటలు పోయేదాంక చుట్టు నాలుగూర్లకు బొక్కెనలు కుట్టింది మేమిద్దరమే. ‘లంద పటేలు’ అని నాకు పేరు పెట్టిండ్రు. పిల్లనియ్యనీకె ఎనకాడిండ్రు, ముప్పై దాటినంక అయింది పెండ్లి. పోనీ. గసోంటి మనిషికి ఎదురుంగ కూసోని బతికిన, ఇంకేం కావాలె? దేవున్ని చూసినోడున్నడో లేడో, నేను మాత్రం బక్కయ్యను చూసిన.

ఇగ అసలు మాట. ఇన్ని చెప్పిన గద, గిది గూడ చెప్పాలె. రోజూ పొద్దుగల్ల వచ్చి ‘వెంకటన్నా’ అని పిలిచేటోడు, నేను బయటికొచ్చేదాంక కూసునేటోడు. యాడ? గిక్కడనే. గీ అరుగు మీదనే, నువ్వు కూసున్న కాడనే. దొర ముందల నోరు లేచింది నాకు, కులపోళ్ళ ముందల లేచింది. మా అమ్మ ముందల లేవలె. ‘మంచోడే బిడ్డా, నేను కాదంటలే. గని నేను బతికుండంగ గా గడప మాత్రం వద్దు’ అన్నది. సరే అన్న. పదహారేండ్లు సరే అన్న. ఆయన ఒక్కనాడు అడగలె. వానొచ్చినా చూరు కిందికి జరిగేటోడు గని గడప దిక్కు చూడకపోయేది. తెల్వకనా? అన్ని తెలుసు. ఆయన పాడె గీ తొవ్వనే పోయింది. గప్పుడు గూడ నేనే బయటికి పోయిన, ఆయన లోపటికి రాలె.

మా అమ్మ పోయి ఇరవై ఏండ్లయింది. గడప కాడ అడ్డం చెప్పేటోళ్ళు ఇప్పుడు ఎవరున్నరు? ఎవరూ లేరు. లేవ్ బిడ్డా మల్లేశూ. నా మోకాళ్ళు లేవనిస్తలేవు, చెయ్యియ్యి, ఇద్దరం లేద్దాం. లోపటికి రా.